57 అడుగుల నారోబోట్: కొనేవారి కోసం ఒక సమీక్ష

ఇంగ్లండ్ కాలువల మీద తిరుగుతూ ఏడాదంతా పడవలోనే నివసించాలని, అందుకోసం వాడిన నారోబోట్ (ఇరుకు కాలువల కోసం కట్టే సన్నని, పొడవైన పడవ) కొనాలని ఆలోచిస్తున్నవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. మాది 57 అడుగుల పొడవు, 6 అడుగుల 10 అంగుళాల వెడల్పు ఉన్న ఉక్కు పడవ. ఇంగ్లండ్ మధ్య ప్రాంతమైన మిడ్‌లాండ్స్‌లో, నీటి మట్టాన్ని మార్చి పడవను పైకి, కిందికి చేర్చే పాత లాకులను సుమారు ఏడడుగుల వెడల్పుతోనే కట్టారు కాబట్టి వెడల్పు విషయంలో ఎంచుకోవడానికి ఏమీ లేదు. పొడవు మాత్రం మన చేతిలో ఉంటుంది. 70 అడుగుల పడవలో అదనంగా ఒక గది దొరుకుతుంది గానీ, ఉత్తరాన కాల్డర్ అండ్ హెబుల్ వంటి జలమార్గాల్లోని పొట్టి లాకుల్లో అది పట్టదు. 57 అడుగుల పడవకు దాదాపు అన్ని కాలువలూ తెరిచే ఉంటాయి కనుక ఈ కొలతకు పూర్తి మార్కులు వేస్తాను.

పడవ చూడడానికి వెళ్లినవారిని ముందుగా ఆకట్టుకునేవి లోపలి చెక్కపని, వంటగది, కట్టెల పొయ్యి. నిజానికి మనం డబ్బు పెడుతున్నది నీటి కింద ఉన్న ఉక్కుకు. ప్రకటనల్లో 10/6/4 అని కనిపిస్తే అడుగు పలక 10 మి.మీ., పక్కలు 6, క్యాబిన్ గోడలు 4 అని అర్థం. అయితే అవి పడవ కట్టిన నాటి మందాలు. ఇప్పుడు ఎంత మిగిలిందో తెలియాలంటే పడవను నీటి నుంచి పైకి తీయించి, మనమే నియమించుకున్న సర్వేయర్ (పడవలను తనిఖీ చేసే నిపుణుడు) చేత అల్ట్రాసోనిక్ పరికరంతో కొలిపించాలి. మా పడవకు ఆ పని చేసిన సర్వేయర్ తుప్పు పట్టకుండా వేసే నల్లటి పూతను అక్కడక్కడ రూపాయి బిళ్లంత మేర ఉక్కు మెరిసేదాకా గీకి, పరికరం ఆనించి, వచ్చిన అంకెను పక్కనే సుద్దముక్కతో రాసుకుంటూ వెళ్లారు. గుంటలు పడి 4 మి.మీ. కన్నా తక్కువ మిగిలిన పాత పడవలకు పూర్తి బీమా దొరకడం కష్టం, పలకలు అతికించడం పెద్ద ఖర్చు. కారుకు ఉన్నట్టు పడవకు తప్పనిసరి రిజిస్ట్రేషన్ లేదని, లైసెన్సు యాజమాన్యానికి రుజువు కాదని కూడా గుర్తుంచుకుని, పాత అమ్మకపు పత్రాలన్నీ చూశాకే బయానా ఇవ్వాలి.

పడవ కన్నా ముందు దాన్ని కట్టి ఉంచే చోటు, అంటే మూరింగ్, చూసుకోవాలని నా గట్టి అభిప్రాయం. చాలా కాలువలను 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే సంస్థ నిర్వహిస్తోంది. దాని లైసెన్సుకు బీమా, నాలుగేళ్లకోసారి తీసుకునే బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ కావాలి. సొంత మూరింగ్ లేనివారు 1995 నాటి చట్టం ప్రకారం మామూలుగా ఒకే చోట 14 రోజులకు మించి ఉండకుండా ప్రయాణిస్తూ ఉండాలి. 2024 ఏప్రిల్ నుంచి వారి లైసెన్సుపై అదనపు రుసుము కూడా పడుతోంది. స్థిరమైన ఉద్యోగం, బడికి వెళ్లే పిల్లలు ఉన్నవారికి ఈ జీవితం కష్టం. మెరీనాలో (పడవలు నిలిపే రేవులో) చోటు దొరికినా అది నివాసానికి అనుమతి ఉన్నదేనా అని రాతపూర్వకంగా అడగండి.

నిర్వహణకు ఓపిక కావాలి. ఇంజన్ ఇరుసు పడవ వెనుక నుంచి నీటిలోకి వెళ్లే చోట, నీరు లోపలికి రాకుండా ఆపే స్టెర్న్ గ్లాండ్ ఉంటుంది. ప్రయాణం ముగిశాక అక్కడి గ్రీజు పిడిని నీటి బొట్టు ఆగేదాకా తిప్పాలి. ప్రొపెల్లర్‌కు ప్లాస్టిక్ సంచులు చుట్టుకుంటే ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, ప్రొపెల్లర్‌కు పైన ఉండే వీడ్ హ్యాచ్ అనే మూత తెరిచి, చన్నీళ్లలో చేయి పెట్టి కోసి తీయాలి. ఆ మూతను తిరిగి గట్టిగా బిగించకపోతే ప్రొపెల్లర్ నీటిని పడవలోకే తోస్తుంది, పడవ మునిగే ప్రమాదం ఉంది. రెండు మూడేళ్లకోసారి అడుగుకు నల్లపూత వేయించాలి. మెరీనా కరెంటు వాడేవారు ఆ కరెంటు తీగ గుండా పారి లోహాన్ని తినేసే స్వల్ప విద్యుత్తును ఆపే గాల్వానిక్ ఐసోలేటర్ పెట్టించుకోకపోతే ఉక్కుకు బదులు తామే అరిగిపోతూ దాన్ని కాపాడే మెగ్నీషియం దిమ్మలు (ఆనోడ్లు) త్వరగా కరిగిపోతాయి.

మరుగుదొడ్డి గురించి అమ్మేవారు చెప్పరు, కొనేవారు మొహమాటపడి అడగరు. నేనైతే పడవలోనే బిగించి ఉండి, పంపుతో ఖాళీ చేయించాల్సిన పంప్-అవుట్ ట్యాంకు కన్నా, విడిగా బయటికి తీయగలిగే చిన్న పెట్టె ఉండే క్యాసెట్ రకాన్నే సిఫారసు చేస్తాను. కాలువ గడ్డకట్టినా, చలికాలంలో మరమ్మతుల కోసం లాకులు మూసినా ట్యాంకు నిండిన పడవ ఖాళీ చేయించుకునే చోటికి కదలలేదు. క్యాసెట్‌ను మాత్రం చేత్తో మోసుకుని గట్టు వెంట నడిచి వెళ్లి ఖాళీ చేసి రావచ్చు.