విదేశీ నాయకత్వ శిక్షణకు డబ్బు కట్టే ముందు: నాకు జరిగినది

విదేశంలో నాలుగు వారాల సేవ, నాలుగు వారాల ఉద్యోగానుభవంతో యువతను నాయకులుగా తీర్చిదిద్దుతామని చెప్పిన ఒక సంస్థకు నిరుడు రుసుమంతా ముందే చెల్లించి మోసపోయాను. ఇదే తీరున నడిచేవి మరికొన్ని ఉండవచ్చు కనుక, పేరుకన్నా వాటి పద్ధతి తెలియడం ముఖ్యమనుకుని రాస్తున్నాను.

సేవ పేరుతో మాకు అప్పగించింది ఒక బడి గోడకు రంగు వేయడం. గీకుతుంటే నీలం పెచ్చు ఊడింది, దాని కింద ఆకుపచ్చ, ఇంకా కింద మేము వేయబోయే పసుపే కనిపించాయి. వచ్చిన ప్రతి బృందం చేతా అదే గోడకు రంగు వేయిస్తున్నారని అప్పుడు అర్థమైంది. మాకు రోజూ మంచినీళ్లు తెచ్చి ఇచ్చే పంతులమ్మ ముఖం చూడటానికి సిగ్గు వేసేది.

ఉద్యోగానుభవం మరీ విడ్డూరం. ఆ సంస్థ కార్యాలయంలోనే కూర్చోబెట్టి, తర్వాతి బృందాన్ని ఆకర్షించే ప్రకటనలు మా చేత రాయించారు. 160 గంటలు పని చేసినట్టు ధ్రువపత్రాలు మొదటి రోజే అచ్చువేసి ఉంచారు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది వీసా సంగతి. మమ్మల్ని పర్యాటక వీసాపై పంపి, అధికారులు అడిగితే ఊరు చూడటానికి వచ్చామని చెప్పమన్నారు. జీతం లేని పనిని కూడా పర్యాటక వీసాపై అనుమతించని దేశాలు చాలా ఉన్నాయి. పట్టుబడితే వెనక్కి పంపేది మనల్నే, ఆ మచ్చ తర్వాతి వీసా దరఖాస్తులకూ అడ్డుపడవచ్చు.

కార్యక్రమం అసలైనదో కాదో కాగితాలే చాలావరకు చెప్పేస్తాయి. అమెరికాకు శిక్షణ, సాంస్కృతిక మార్పిడి కార్యక్రమాల కోసం ఇచ్చే జే-1 వీసాపై వెళ్లాలంటే అక్కడి విదేశాంగ శాఖ గుర్తింపు పొందిన స్పాన్సర్ డీఎస్-2019 పత్రం ఇవ్వాలి. ఇంటర్న్‌గా వెళ్లేవారికైతే ఏ పని ఎవరి పర్యవేక్షణలో నేర్పుతారో డీఎస్-7002 శిక్షణ ప్రణాళికలో రాసి సంతకాలు చేయాలి. ఐరోపా సమాఖ్య నడిపే యువజన స్వచ్ఛంద సేవా కార్యక్రమం ‘యూరోపియన్ సాలిడారిటీ కోర్’లో సేవ చేసే 18–30 ఏళ్లవారికి వసతి, భోజనం, బీమాతోపాటు కొంత చేతి ఖర్చు కూడా ఇస్తారు. మా సంస్థ కరపత్రంపై ఐక్యరాజ్యసమితి చిహ్నం మెరిసేది గాని, ఆ సమితి తన నియామకాల్లో ఏ దశలోనూ రుసుము తీసుకోదని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

రుసుము తీసుకున్నంత మాత్రాన ప్రతి సంస్థనూ మోసమనలేము. అయితే ఆతిథ్యమిచ్చే సంస్థ పేరు, చేయవలసిన పని, వీసా రకం రాతపూర్వకంగా ఇవ్వకుండా డబ్బుకు తొందరపెడితే అక్కడే ఆగిపోండి. ఒప్పందంలో ‘కార్యక్రమ స్వరూపాన్ని మార్చే హక్కు సంస్థకు ఉంది’ అన్న ఒక్క వాక్యం చూపించే నా డబ్బు తిరిగి ఇవ్వలేదు. పాత సభ్యులతో మాట్లాడాలనుకుంటే సంస్థ ఇచ్చిన నంబర్లను నమ్మకుండా మీరే వెతుక్కోండి. వారి ప్రకటనలో బ్రష్ పట్టుకుని నవ్వుతున్న ఫొటోల్లో ఒకటి నాదే. తీసేయమని రెండుసార్లు రాశాను, ఇంకా అక్కడే ఉంది.