అధ్యక్ష అభ్యర్థి ఎలాంటివాడో తేల్చుకోవాలంటే: పేసర్, 278ఈ ఫారం, పాలిటీఫ్యాక్ట్ ఎంతవరకు పనికొస్తాయి

ఇండియాలో ఓట్లు వేసి వచ్చి అమెరికా పౌరులైన వాళ్లకు ఇక్కడ మొదట కనిపించే లోటు ఫారం 26. అక్కడ అసెంబ్లీకి నిలబడే మనిషైనా తన మీదున్న క్రిమినల్ కేసులు ఆ ఫారంలో అఫిడవిట్‌గా రాసివ్వాలి. 2002లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన పద్ధతి అది. ఆ అఫిడవిట్‌ల వివరాలుంచే మైనేతా సైట్‌లో పేరు కొడితే అంతా ముందుకొస్తుంది. అమెరికా అధ్యక్ష పదవికి నిలబడేవాళ్లు మాత్రం కేసుల జాబితా ఎవరికీ ఇవ్వక్కర్లేదు. రాజ్యాంగం అడిగేవి మూడే: పుట్టుకతో పౌరసత్వం, 35 ఏళ్ల వయసు, 14 ఏళ్ల నివాసం. జైలు శిక్ష కూడా అడ్డు కాదు: 1920లో సోషలిస్టు నేత యూజీన్ డెబ్స్ అట్లాంటా జైల్లో ఉండే అధ్యక్ష పదవికి పోటీ చేస్తే 9 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి.

కాబట్టి కాగితాలు మనమే ఏరుకోవాలి. ఏది ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ చెయ్యి కాలుతుంది అన్నది 2024 ఎన్నికల్లో ట్రంప్ చుట్టూ నడిచిన వాదాలతో చూస్తే బాగా తెలుస్తుంది.

ముందు పేసర్. ఫెడరల్ కోర్టుల రికార్డులిచ్చే ప్రభుత్వ సర్వీసు ఇది. ఖాతా తెరవడానికి డబ్బులక్కర్లేదు. పేజీకి 10 సెంట్లు, ఒక పత్రానికి మహా అయితే 3 డాలర్లు. మూడు నెలల బిల్లు 30 డాలర్లు దాటకపోతే అదీ మాఫీ. వినడానికి చౌకే. పేరు పెట్టి వెతికితే మాత్రం జేబుకు చిల్లు పడుతుంది, ఎందుకంటే వెతికితే వచ్చే ఫలితాల పేజీలకూ ఛార్జీ ఉంది, వాటికి 3 డాలర్ల హద్దు లేదు. ట్రంప్ అని కొడితే, అధ్యక్షుడి హోదాలో ఆయన్ని ప్రతివాదిగా చేర్చిన దావాలు కూడా వచ్చి పడతాయి. విచారణ ట్రాన్స్‌క్రిప్టులకూ ఆ హద్దు వర్తించదు. అందుకే కేసు నంబరు తెలుసుకుని, కోర్టును ఎంచుకుని, నేరుగా నంబరుతోనే వెళ్లాలి. 2020 ఎన్నికల ఫలితాన్ని తారుమారు చేయబోయారన్న కేసుకైతే వాషింగ్టన్ డీసీ జిల్లా కోర్టు, 1:23-సీఆర్-00257.

అసలు డబ్బు కట్టేముందు కోర్ట్‌లిజనర్ అనే ఉచిత సైట్ చూడండి. రీక్యాప్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్న వాళ్లు పేసర్‌లో కొన్న ప్రతి పత్రం నకలు అక్కడికి చేరుతుంది, ఇక ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. పేరున్న కేసులకు ముఖ్యమైన కాగితాలు చాలావరకు అక్కడే దొరుకుతాయి. ఐదు నక్షత్రాలకు పేసర్‌కు మూడు, కోర్ట్‌లిజనర్‌కు నాలుగున్నర.

కాగితం దొరికాక చదవడంలోనే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. పై కేసులో 2023 ఆగస్టు 1న దాఖలైన అభియోగపత్రం 45 పేజీలు. అధ్యక్షుడి అధికారిక చర్యలకు రక్షణ ఉంటుందని 2024 జులై 1న సుప్రీంకోర్టు చెప్పాక, న్యాయశాఖతో ఆయన జరిపిన వ్యవహారాల భాగం తీసేసి, ఆగస్టు 27న 36 పేజీలతో కొత్తది వేశారు. మొదటిది చదివి వాదించేవాళ్లు లేని ఆరోపణల మీద గొంతు చించుకుంటున్నట్టే. డాకెట్‌లో, అంటే కేసులో దాఖలైన కాగితాల వరుస జాబితాలో, ఎప్పుడూ కింది నుంచి, అంటే తాజా ఎంట్రీ నుంచి చూసుకుంటూ పైకి రండి. ఇంకో మాట: అభియోగపత్రం ఒక పక్షం చెప్పిన కథే. డిఫెన్స్ వేసిన మోషన్ (కోర్టుకు పెట్టుకున్న విజ్ఞప్తి), దాని మీద జడ్జి ఉత్తర్వు కూడా దించుకోండి.

ఆ కేసు 2024 నవంబరు 25న కొట్టేశారు, కానీ మళ్లీ వేసే వీలు ఉంచుతూ. కారణం ఆయన ఎన్నికల్లో గెలవడం. ఫ్లోరిడా రహస్య పత్రాల కేసు 2024 జులై 15న పోయింది, కేసు నడిపిన స్పెషల్ కౌన్సెల్ (ప్రత్యేక ప్రాసిక్యూటర్) నియామకం చెల్లదని. రెండిట్లోనూ సాక్ష్యాలు తేలలేదు. కొట్టేశారు కాబట్టి కడిగిన ముత్యం అన్నా, కేసు పెట్టారు కాబట్టి దొంగ అన్నా రెండూ తప్పే. న్యూయార్క్‌లో 2024 మే 30న వ్యాపార రికార్డులు తప్పుగా రాయించారన్న 34 అభియోగాల్లో జ్యూరీ దోషిగా తేల్చింది, అది క్రిమినల్. రచయిత్రి ఈ. జీన్ కారల్ వేసిన కేసులో 2023 మే నెలలో లైంగిక దాడికి, పరువునష్టానికి బాధ్యుడని తేల్చి 50 లక్షల డాలర్లు కట్టమన్నది సివిల్ జ్యూరీ. అక్కడ త్రాసు ఏ పక్కకు కాస్త మొగ్గినా చాలు, సహేతుకమైన సందేహానికి తావు లేకుండా రుజువు కానక్కర్లేదు. ఈ తేడా పట్టించుకోకుండా "శిక్ష పడింది" అని ఒకే గాటన కట్టేస్తే అవతలివాడు ఒక్క మాటతో నోరు మూయిస్తాడు. పైగా న్యూయార్క్ క్రిమినల్ కేసు రాష్ట్ర కోర్టుది, దాని విచారణ రికార్డు పేసర్‌లో దొరకదు. ఆ రాష్ట్ర కోర్టుల సైట్‌కే వెళ్లాలి.

ఇక డబ్బు సంగతి. 278ఈ అనేది అభ్యర్థి ఆస్తులు, అప్పులు చెప్పే ఫారం, 1978 నాటి చట్టం కింద వచ్చింది. ఉచితం. ట్రంప్ 2015లో వేసినది 92 పేజీలు. అందరూ ఆస్తుల భాగం తెరిచి లెక్కలు వేస్తారు, అది వృథా శ్రమ. విలువలు కచ్చితమైన అంకెల్లో ఉండవు, గడుల్లో ఉంటాయి, చివరి గడి "5 కోట్ల డాలర్లకు పైన". 6 కోట్ల భవనమూ 60 కోట్ల భవనమూ అందులో ఒకేలా కనిపిస్తాయి. నేరుగా 8వ భాగానికి వెళ్లండి: ఎవరి దగ్గర అప్పు, ఏ ఏడాది, ఎంత వడ్డీ, ఎప్పటికి తీర్చాలి. గెలిచాక ఎవరికి తలొగ్గే అవకాశం ఉందో పసిగట్టాలంటే ఇంతకు మించిన చోటు లేదు. ఇక్కడా గడుల గొడవ తప్పదు. ట్రంప్‌కున్న డోరల్ గోల్ఫ్ రిసార్టు మీద 2012లో డాయిష్ బ్యాంకు ఇచ్చిన 12.5 కోట్ల డాలర్ల అప్పు అసలు మొత్తం ఈ ఫారం చూసి తెలుసుకోలేరు. బహుమతుల భాగం అభ్యర్థులు నింపక్కర్లేదు కాబట్టి అది ఖాళీగా ఉందని అనుమానపడొద్దు. ఆదాయపు పన్ను రిటర్నులు బయటపెట్టడం ఆనవాయితీయే తప్ప చట్టం కాదు. నాలుగు నక్షత్రాలు.

ఎన్నికల విరాళాలకు ఎఫ్ఈసీ (ఫెడరల్ ఎన్నికల కమిషన్) సైట్ బాగుంటుంది. 200 డాలర్లు దాటి ఇచ్చినవాళ్ల పేరు, ఊరు, ఉద్యోగం, కంపెనీ అన్నీ కనిపిస్తాయి. అంటే మీవి కూడా. గ్రీన్‌కార్డు ఉంటే ఇవ్వొచ్చు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇస్తే చట్టవిరుద్ధం.

నాయకుల మాటల్లో నిజమెంతో తేల్చే సైట్ పాలిటీఫ్యాక్ట్ 2007లో మొదలైంది, 2009లో పులిట్జర్ అవార్డు వచ్చింది. "నిజం" నుంచి "ప్యాంటుకు నిప్పంటుకుంది" దాకా ఆరు మెట్ల మీటరు. ఒక్కో మాట మీద వాళ్ల పరిశీలన, కింద ఇచ్చే ఆధారాల జాబితా గట్టివి. ఫలానా అభ్యర్థి ఇంత శాతం అబద్ధాలకోరు అని స్కోర్‌కార్డు చూపించి వాదించడమే పనికిరాదు: పరిశీలనకు మాటల్ని వాళ్లే ఏరుకుంటారు, అనుమానం కలిగించేవే ఏరుకుంటారు. మీటరు వదిలేసి వ్యాసం చదివితే మూడు నక్షత్రాలు. ఓపిక ఉంటే, మీటరు పెట్టకుండా వివరంగా రాసే ఫ్యాక్ట్‌చెక్ డాట్ ఆర్గ్ దీనికంటే నయం.