వాయిస్ మెయిల్‌ని లైనక్స్‌కి మారుస్తామని వస్తున్నారు, బ్యాలెన్స్ కట్టే ముందు ఇది చదవండి

షాపులో ల్యాండ్‌లైన్, దాని వెనక ఓ పాత విండోస్ కంప్యూటర్, అందులో వాయిస్ మెయిల్ ఉన్నవాళ్ళకి ఈ హెచ్చరిక. "విండోస్ 10 పని అయిపోయింది, లైనక్స్‌కి మార్చేస్తాం, వైరస్ గోల ఉండదు, ఖర్చు ఉండదు" అంటూ ఈ మధ్య కొందరు సర్వీస్ వాళ్ళు షాపుల చుట్టూ తిరుగుతున్నారు. మేము అలాంటి వాళ్ళ చేతనే మార్పించుకున్నాం. లైనక్స్‌కి (విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపే ఉచిత సిస్టమ్) వంక పెట్టను, అది బంగారంలా నడుస్తోంది. వాళ్ళు మార్చిన తీరే ఘోరం.

మాది నర్సరావుపేట వైపు బోరు మోటార్ల వైండింగ్, రిపేరు షాపు. మోటార్ల షాపుకి వాయిస్ మెయిల్ ఏంటని నవ్వకండి. రాత్రి పొలంలో మోటారు కాలితే రైతు వాట్సాప్‌లో టైపు చేస్తూ కూర్చోడు. గోడల మీద ఎప్పటినుంచో రాసున్న మా నంబరుకే కొడతాడు. "ఫలానా ఊరు, ఐదు హెచ్‌పీ, స్టార్టర్ నిలబడట్లేదు" అని చెప్పి పెట్టేస్తాడు. పొద్దున షట్టర్ ఎత్తేసరికి బండి ముందు ఏ ఊరికి పంపాలో మాకు తెలిసిపోతుంది.

మార్చాల్సిన అవసరం నిజంగానే ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. మా కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదు కాబట్టి విండోస్ 11 ఎక్కదు. లైన్ తగిలించిన వాయిస్ కార్డుకి కొత్త విండోస్‌లో డ్రైవరే (దాన్ని నడిపే ప్రోగ్రామే) లేదు. అంతవరకు వాళ్ళు చెప్పిందాంట్లో అబద్ధం లేదు.

కొటేషన్‌తోనే తిరకాసు మొదలైంది. అందులో "వాయిస్ మెయిల్ లైసెన్స్, ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కి (లోపలి ఫోన్ నంబరుకి) ఇంత" అని ఒక వరుస ఉంది. వాళ్ళు పెట్టింది లైనక్స్ మీద ఫోన్ కాల్స్ నడిపే ఆస్టరిస్క్ అనే ప్రోగ్రాం, దాని సెట్టింగులు మార్చుకునే పేజీలిచ్చే ఫ్రీపీబీఎక్స్. ఆస్టరిస్క్‌ని మార్క్ స్పెన్సర్ అనే ఆయన 1999లో మొదలుపెట్టాడు. తన చిన్న కంపెనీకి ఫోన్ సిస్టమ్ కొనే స్తోమత లేక తనే రాసుకున్నాడు, తర్వాత అందరికీ ఉచితంగా వదిలేశాడు. వాయిస్ మెయిల్ అందులో భాగమే, ఎక్స్‌టెన్షన్‌కి పైసా లైసెన్స్ లేదు. ఫ్రీపీబీఎక్స్‌లో డబ్బులు పెట్టి కొనే మాడ్యూళ్ళు కొన్ని ఉన్న మాట నిజమే, మాకు పెట్టినవాటిలో అలాంటిది ఒక్కటీ లేదు. బిగించినందుకు కూలీ అడగండి, ఇస్తాం, అది కష్టార్జితం. లేని లైసెన్స్ పేరుతో డబ్బు గుంజడాన్ని ఏమనాలి?

డబ్బు సంగతి అలా ఉంచండి, అసలు దెబ్బ ఫోన్ మీద పడింది. మార్చిన మర్నాటి నుంచే ప్రతి మెసేజ్ చివర "కూ... కూ..." అని మోత, రికార్డింగ్ పరిమితి నిండేదాకా. రైతు రెండు ముక్కలు చెప్పి పెట్టేసినా సిస్టమ్‌కి ఆ సంగతి తెలియట్లేదు. అంతసేపూ లైన్ ఎంగేజే. వెనక చేసినవాళ్ళకి ఎవరికీ ఫోన్ కలవలేదు. ఇక మీ షాపు మూసేశారా అని జనం మమ్మల్నే అడగడం మొదలుపెట్టారు. సర్వీస్ వాళ్ళకి చెబితే "లైన్‌లో ఫాల్ట్, ఎక్స్ఛేంజ్‌లో కంప్లైంట్ ఇవ్వండి" అని తోసేశారు.

మా వీధిలో ఒక రిటైర్డ్ జేటీఓ (టెలికాం శాఖ జూనియర్ ఆఫీసర్) గారున్నారు. ఆయన ఆ మోత కాసేపు విని, "లైన్ శుభ్రంగా ఉందండీ, మీ డబ్బాకే మన దేశం తెలీదు" అన్నారు. మన దగ్గర ఎంగేజ్ టోన్ 400 హెర్ట్జ్‌లో ముప్పావు సెకను మోగి, ముప్పావు సెకను ఆగుతుంది. అమెరికాలో అరసెకను మోత, అరసెకను ఆపు, స్వరం కూడా వేరు. వీళ్ళు కార్డుని అమెరికా జోన్‌లోనే (దేశం సెట్టింగ్‌లోనే) వదిలేశారు, టోన్ లెక్క మిల్లీసెకన్లలో 500, 500 అని పెట్టారు. ఇండియా జోన్ ఆ లిస్టులోనే ఉంది. అది ఎంచుకుని, ఎంగేజ్ టోన్ విని కాల్ పెట్టేసే బిజీ డిటెక్ట్ ఆన్ చేసి, లెక్క 750, 750గా మార్చితే చాలు, మోత ఆగింది. "నిశ్శబ్దం వస్తే రికార్డింగ్ ఆపు" అనే సెట్టింగ్ ఒకటుంది కదా, అది కాపాడదా అనుకోవచ్చు. కాపాడదు, ఎందుకంటే ఎంగేజ్ టోన్ నిశ్శబ్దం కాదు, శబ్దమే. కాలర్ ఐడీ కూడా ఇంతే. మన లైన్లలో చాలాచోట్ల నంబరు డీటీఎంఎఫ్ టోన్లలో (బటన్ నొక్కితే వచ్చే శబ్దాల్లో) వస్తుంది, వీళ్ళది అమెరికా పద్ధతిలో ఎదురుచూస్తోంది. దాంతో ఫోన్ ఎవరు చేసినా "తెలియని నంబరు" అనే పడేది. ఊరు పేరు సరిగా వినబడని మెసేజ్‌కి తిరిగి ఫోన్ చేద్దామన్నా దిక్కు లేదు.

ఇక పాత మెసేజ్‌లు. వారంటీ గొడవ వచ్చినప్పుడు ఎవరు ఏ రోజు ఏం చెప్పారో వినడానికి మేము వాటిని దాచుకుంటాం. "మొత్తం కన్వర్ట్ చేశాం" అన్నారు. తెరవబోతే ఒక్కటీ మోగలేదు. పాత విండోస్ వాయిస్ కార్డుల ప్రోగ్రాములు చాలావరకు వాక్స్ అనే రకంలో దాస్తాయి. ఆ ఫైలు మొదట్లో దాని వివరాలు రాసి ఉండవు, ఏ వేగంతో రికార్డయిందో ఫైలు చూసి చెప్పలేం. వీళ్ళు చేసిందల్లా ఫైలు పేరు చివర వాక్స్ తీసేసి వేవ్ అని రాయడం! నిజానికి సాక్స్ అనే ఉచిత ప్రోగ్రాం లైనక్స్‌లో దొరుకుతుంది. దానికి వాక్స్ అని, 8000 హెర్ట్జ్ అని చెబితే మామూలు వేవ్‌గా మార్చేస్తుంది. కొన్ని కార్డులు 6000లో రికార్డు చేస్తాయి. వాటికి 8000 అని చెబితే గొంతు కీచుగా, గబగబా వస్తుంది, అప్పుడు 6000 పెట్టాలి. పాత హార్డ్ డిస్క్ మా దగ్గరే ఉండబట్టి మావి బతికాయి. "ఎక్స్ఛేంజ్ ఆఫర్" కింద పాత కంప్యూటర్ పట్టుకెళ్తాం అంటారు, ఇవ్వకండి.

వీటన్నిటికన్నా నాకు భయం వేసింది పాస్‌వర్డ్‌ల దగ్గర. రూట్ పాస్‌వర్డ్ (కంప్యూటర్ మొత్తానికి తాళంలాంటిది) అడిగితే "అది ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) కట్టినవాళ్ళకే" అన్నారు. మా డబ్బుతో కొన్న కంప్యూటర్‌కి మాకే తాళం లేదు. పైగా వాళ్ళు ఇంటి దగ్గర్నుంచి చూసుకోవడానికి సెట్టింగులన్నీ మార్చే అడ్మిన్ పేజీని ఇంటర్నెట్‌కి బార్లా తెరిచారు, మెయిల్‌బాక్స్ పాస్‌వర్డ్‌లు ఎక్స్‌టెన్షన్ నంబర్లే. ఇలా తెరిచి ఉన్న ఫోన్ సిస్టమ్‌ల కోసం దొంగలు రాత్రింబవళ్ళు వెతుకుతుంటారు. దొరికితే విదేశీ నంబర్లకి కాల్స్ కొట్టేస్తారు, బిల్లు మనకి. 2025 ఆగస్టులో ఫ్రీపీబీఎక్స్‌లోనే పెద్ద లొసుగు బయటపడింది, అడ్మిన్ పేజీ ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న సిస్టమ్‌లలోకి పాస్‌వర్డ్ లేకుండానే దూరారు. దాన్ని సరిచేసే అప్‌డేట్ వచ్చింది, మా దాంట్లో అది ఎక్కలేదు. ఎక్కించినా కింద ఉన్నది సెంట్ఓఎస్ 7 అనే లైనక్స్ రకం, దాని ఆయుష్షు 2024 జూన్ 30తోనే తీరింది. సపోర్ట్ ఆగిపోయిందని విండోస్ తీయించి, అంతకంటే ముందే సపోర్ట్ పోయిన లైనక్స్ పెట్టారన్నమాట. ఫ్రీపీబీఎక్స్ 17 డెబియన్ 12 అనే ఇంకో లైనక్స్ మీద నడుస్తుంది, ఇప్పుడు మేము దాంట్లోనే ఉన్నాం, వేరే అతని చేత మొదటినుంచి వేయించుకుని.

కన్స్యూమర్ కోర్టుకి వెళ్ళమంటారు కొందరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపారం కోసం కొన్నవాళ్ళు మామూలుగా వినియోగదారుల కిందికి రారు. స్వయం ఉపాధి కోసం, బతుకుతెరువుకే కొన్నామని చూపగలిగితే మినహాయింపు ఉంది. ఆ వాదనతో కూర్చునేకంటే కొటేషన్ మీదే రాయించుకోవడం తేలిక: రూట్, అడ్మిన్ పాస్‌వర్డ్‌లు మాకు అప్పగించాలి, పాత మెసేజ్‌లు మా ఎదుటే మోగాలి, ఆ తర్వాతే బ్యాలెన్స్. మోగించేటప్పుడు ఫైళ్ళు వాళ్ళు కాదు, మీరు ఎంచండి. ఒక సెల్ నుంచి ల్యాండ్‌లైన్‌కి చేసి, మెసేజ్ సగంలో పెట్టేసి, కొన్ని సెకన్లు ఆగి ఇంకో సెల్ నుంచి చేయండి. ఎంగేజ్ వస్తే సంతకం పెట్టకండి.

ఆ మనుషుల పేరు ఇక్కడ రాయను. కొటేషన్‌లో ఎక్స్‌టెన్షన్‌కి ఇంత అని వాయిస్ మెయిల్ లైసెన్స్, అడుగున చిన్న అక్షరాల్లో "పాస్‌వర్డ్‌లు ఏఎంసీ పరిధిలో" అని రెండూ కనిపిస్తే, వాళ్ళో, వాళ్ళ బాపతు ఇంకొకళ్ళో మీ షాపుకి వచ్చారని అర్థం. అడ్వాన్స్ ఇవ్వకండి.