అంతర్వేది బోటులో తాళం వేసిన పెట్టె

భీష్మ ఏకాదశి తీర్థం రద్దీ తగ్గాక అంతర్వేది వెళ్లాం. దర్శనం ప్రశాంతంగా అయింది. దిండిలో బస రూముకు 3,200, దుప్పట్లు శుభ్రం, వేడినీళ్లకు బతిమాలక్కర్లేదు. ఇక చెప్పాల్సిందంతా బోటు గురించే.

నరసాపురం వైపు ఒక ప్రైవేటు బోటు మాట్లాడుకున్నాం. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు దాకా వెళ్లి రావడానికి 5,500. లైఫ్ జాకెట్లకు మనిషికి 50 అదనమట! మా ఆవిడకి అక్కడే ఒళ్లు మండింది. జాకెట్లకు ఉండాల్సిన విజిల్స్ ఒక్కదానికీ లేవు.

సంగమం కనిపిస్తోందనగా ఇంజను ఆగిపోయింది. ఆటు సమయం, నీళ్లు సముద్రం వైపే లాగుతున్నాయి. సరంగు వెంటనే లంగరు వేశాడు కాబట్టి సరిపోయింది, ఆ కుర్రాడిని ఏమీ అనను. అత్తగారు నరసింహస్వామికి మొక్కులు మొదలుపెట్టారు. మా బావగారు మర్చంట్ నేవీలో చేసొచ్చిన మనిషి, "ఫ్లేర్లు ఎక్కడ పెట్టావు బాబూ?" అని అడిగారు. ఫ్లేర్లంటే ఆపదలో ఉన్నామని దూరంవాళ్లకి తెలిసేలా వెలిగించే మంట గొట్టాలు. సీటు కింద నారింజ రంగు పెట్టె ఉంది, దానికి తాళం. తాళంచెవి ఒడ్డున ఆఫీసులో! తాళం వేయకపోతే ఫ్లేర్లు ఎవరో ఎత్తుకుపోతారట.

స్క్రూడ్రైవరుతో గొళ్లెం ఊడదీశాం. లోపల చేత్తో పట్టుకుని వెలిగించే ఎర్ర ఫ్లేర్లు మూడు, పొగ డబ్బా ఒకటి. బూజు తుడిచి చూస్తే గడువు 2021లోనే అయిపోయింది. ఒకదాని అడుగు మూత తుప్పుపట్టి ఉబ్బిపోయింది. బావగారు మమ్మల్ని దాన్ని ముట్టుకోనివ్వలేదు, పాతబడినవి వెలక్కపోవచ్చు, చేతిలోనే పేలనూవచ్చు. తయారైన మూడేళ్లకు మార్చెయ్యాలట. సరంగేమో "దీపావళికి కాల్చేద్దాం సార్" అన్నాడు. బావగారి ముఖం చూడాలి అప్పుడు.

పడవ కోసం చూస్తూ కూర్చున్నంతసేపూ ఆయన క్లాసు పీకారు. పట్టపగలు ఎర్ర మంట అంతగా ఆనదు, నారింజ పొగే పనికొస్తుంది, ఎర్రది రాత్రికి. చేతి ఫ్లేరు ఒక్క నిమిషమే వెలుగుతుంది కాబట్టి చూసేవాళ్లు కనబడే దాకా ముట్టించకూడదు, ముట్టించాక గాలి వాలు వైపు, బోటు బయటికి చెయ్యి చాచి పట్టుకోవాలి, లేదంటే నిప్పు ముద్దలు బోటులోనే రాలతాయి. సముద్రంలోకి వెళ్లేవాళ్లయితే పారాచూట్ రాకెట్ కూడా ఉంచుకోవాలి, అది 300 మీటర్లు పైకి లేచి 40 సెకన్లు వెలుగుతుంది. ఫోనులో సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ నంబరు 1554.

మాకు సిగ్నల్ ఉండబట్టి సరంగు తెలిసినవాళ్లకి ఫోన్ చేశాడు. వేటకెళ్లి వస్తున్న పడవ వాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. డబ్బులు వద్దన్నారు, మేమే 800 చేతిలో పెట్టాం.

యజమాని మాత్రం "గోదాట్లో రాకెట్లు ఎవరు కాలుస్తారండీ, ఆ పెట్టె చెకింగుకి" అన్నాడు. 2019లో కచ్చులూరు దగ్గర గోదాట్లో పర్యాటకుల బోటు మునిగి అంత ఘోరం జరగడం చూశాక కూడా ఈ మాట! బోటు ఎక్కేముందు అడ్వాన్సు ఇవ్వకండి, పెట్టె తెరిపించి తేదీ చదవండి, టార్చి వెలిగించి చూడండి, తాళం ఉంటే తీయించండి. చూపించనంటే వేరే బోటు చూసుకోండి, లేదా సఖినేటిపల్లి పంటు (జనాన్నీ బళ్లనీ రేవు దాటించే పడవ) ఎక్కి గోదారి చూసి రండి.

గొడవపడితే 1,500 వెనక్కి ఇచ్చాడు. అందులోనూ గొళ్లెం విరగ్గొట్టామని 200 పట్టుకున్నాడు.