జేబు నోటుబుక్కుతో 11 ఏళ్లు: ఒక కార్టూనిస్టు సమీక్ష

"ఐడియాలు ఎక్కడి నుంచి వస్తాయండీ?" కార్టూన్లు వేసేవాళ్లకు తప్పని ప్రశ్న ఇది. నా మటుకు జవాబు జేబులోనే ఉంది. ఏ6 సైజు, అంటే 105 × 148 మిల్లీమీటర్ల నోటుబుక్కు. గీతల్లేని కాగితం, దారంతో కుట్టిన వెన్ను, మెత్తటి అట్ట. 11 ఏళ్లలో 66 పూర్తిచేశాను, సగటున రెండు నెలలకొకటి. మంచీ చెడూ రెండూ చెప్పగలను.

ముందు కుట్టు సంగతి. మొదట్లో స్పైరల్ పుస్తకాలు వాడాను. జేబులో నలిగి తీగ వంకరపోయేది, పేజీ తిప్పితే చిరిగేది. జిగురుతో అంటించినవి నెలన్నరకే ఆకులు రాల్చేవి. కుట్టింది మాత్రం మధ్యకు విప్పితే బల్లపరుపుగా ఉంటుంది. నిలబడి, ఎడమ అరచేతిలో పెట్టుకుని గీసేవాళ్లకు ఇదెంత సుఖమో!

కాగితం మామూలుదే, 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువు). పాళీని సిరాలో ముంచి గీస్తే సిరా పోగుల వెంట పాకి గీత అంచు చెదురుతుంది. బ్రష్‌పెన్ను వెనక పేజీకి దిగిపోతుంది. లోపమే, కాదనను. అయితే అచ్చుకిచ్చే బొమ్మ నేనిందులో వేయను. అది వేరే నున్నటి అట్ట మీద, అచ్చయ్యే సైజుకు ఒకటిన్నర రెట్లు పెద్దగా వేస్తాను. ఒకసారి మందపాటి కాగితంతో మంచి స్కెచ్‌బుక్కు బహుమతిగా వచ్చింది. ఏడాదిలో తొమ్మిది పేజీలు నిండాయి. అంత మంచి కాగితం మీద పిచ్చిగీత గీయడానికి చెయ్యి రాదు. నాకు కావలసింది ఆ పిచ్చిగీతే.

ఏ పెన్ను వాడాలో వాన నేర్పింది. 14వ పుస్తకం నిలువునా తడిసిపోయింది. జెల్‌పెన్నుతో గీసినవన్నీ నీలిమరకలయ్యాయి, దాదాపు నెల పని. అదే పుస్తకంలో బాల్‌పెన్ను గీతలు చెక్కుచెదరలేదు. దాని సిరా నూనె ఆధారంగా చేసింది, నీళ్లకు అంత తేలిగ్గా కరగదు. అప్పటి నుంచి బాల్‌పెన్నే. పెన్సిలైతే హెచ్‌బీయే వాడతాను. 2బీ అంతకన్నా మెత్తన కాబట్టి ఎదురెదురు పేజీలు ఒకదానికొకటి రాసుకుని మసిబారతాయి.

ఇక ఐడియాల మాట. ఒకరోజు బ్యాంకులో ఒక పెద్దాయన ఫారం నింపుతున్నారు. కౌంటరు మీది పెన్నుకు తాడు కట్టి ఉంది. తాడు పొట్టి. ఆయన నడుము వంచి, చెంప దాదాపు కౌంటరుకు ఆనించి, కళ్లజోడు జారకుండా ఎడమచేతి బొటనవేలితో నొక్కిపట్టి సంతకం పెట్టారు. ఆరేడు గీతల్లో ఆ వంగిన వీపూ, ఆ బొటనవేలూ గీసుకుని, కింద "తాడు పొట్టి" అని రాసుకున్నాను. రెండేళ్ల తర్వాత దరఖాస్తుల తిప్పల మీద కార్టూను వేయాల్సివచ్చింది. పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఆ వీపు కనబడింది. క్యూలో ఉన్నవాళ్లందరూ తమ వంతు రాకముందే ఆ తాడు కొలతకు వంగి నిలబడినట్టు వేశాను. క్యాప్షన్ అక్కర్లేకపోయింది.

ఆ రోజు "బ్యాంకు, పెన్ను, తాడు" అని మాటలే రాసుకుని ఉంటే సంగతి గుర్తుండేది, బొటనవేలు గుర్తుండేది కాదు. అందుకే ముందు భంగిమ, తర్వాతే మాట. మాటలు కూడా విన్నవి విన్నట్టే రాసుకుంటాను, బాగుచేయను. ముఖం మాత్రం గీసుకోను. ఎవరో తెలియని మనిషి ఇబ్బందిలో ఉన్న క్షణం అది, ఆయన్ని ఎవరూ గుర్తుపట్టకూడదు.

రోజూ ఉదయం పేపరు చదివాక ఏదో ఒక పాత పుస్తకం తీసి అరగంట తిరగేస్తాను. ఇవాళ్టి వార్తా, ఎప్పటిదో ఒక భంగిమా తగులుకున్నచోట కార్టూను పుడుతుంది. పది పేజీల్లో ఒకటి పనికొస్తే గొప్పే. మిగతావి చెయ్యి ఆడటానికి: కుర్చీ అంచున కూర్చునేవాళ్లు, గొడుగు మూయడానికి తంటాలుపడేవాళ్లు, కాకులు. కార్టూనిస్టు ఆర్.కె.లక్ష్మణ్ చిన్నతనం నుంచీ కాకుల్ని గీసినవారే. నల్లటి ముద్దలోంచి అంత చురుకు ఎలా పలుకుతుందో గీసి చూస్తేనే తెలుస్తుంది.

ఫోనుతో ఫొటో తీసుకోవచ్చు కదా అంటారు. తీసి చూశాను. ఫొటోలో కౌంటరు, గోడ, గడియారం, జనం అన్నీ ఉంటాయి, నా కన్ను దేని దగ్గర ఆగిందో ఉండదు. పైగా ఫోను ఎత్తగానే ఎదుటివాళ్లు సర్దుకుంటారు. చిన్న పుస్తకంలో ఏదో రాసుకునేవాళ్లను ఎవరూ పట్టించుకోరు.

పెద్ద ఇబ్బంది వెతుకులాట. ఫోనులో అయితే తేదీతో దొరుకుతుంది, ఇందులో దొరకదు. నలభై పుస్తకాలు దాటాకగానీ నాకు బుద్ధి పుట్టలేదు: వెన్ను మీద నంబరు, చివరి రెండు పేజీల్లో సూచిక. పాత నలభైకీ సూచిక రాయడానికి మూడు నెలలు పట్టింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి పుస్తకం నుంచే రాసుకోండి. వ్యక్తుల పేర్లు వద్దు, భంగిమల పేర్లు రాయండి: వంగినవి, వాలినవి, తొంగిచూసినవి.

ఇప్పుడు జేబులో ఉన్నది 67వది, ఇంకా 22 పేజీలున్నాయి. కుట్టిన వెన్నుతో ఈ సైజు దొరికినప్పుడే కొని పెట్టుకోవాలి. నా అరలో మరో ఆరు ఉన్నాయి.