మిరప ల్యాబులో క్వెచర్స్: ఎనిమిదేళ్ల వాడకం తరువాత

మా ప్రయోగశాల గుంటూరు మిరప యార్డుకు దగ్గరలో ఉండడం వల్ల ఎనిమిదేళ్లుగా నా చేతి మీదుగా వెళ్లిన నమూనాల్లో ఎక్కువ భాగం ఎండుమిరపకాయలే. మిగిలినవి బియ్యం, కాలువ నీరు, బోరు నీరు. వీటిలో కలుపు మందుల అవశేషాలను పట్టుకోవడానికి నమూనాలోని మందును ద్రావణిలోకి లాగి శుభ్రపరిచే, 2003లో వెలువడిన క్వెచర్స్ పద్ధతిని, ఆపైన మందులను విడదీసి అణువుల బరువును బట్టి గుర్తించే ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ యంత్రాన్ని వాడుతున్నాను. ఈ పద్ధతిని వాడమనే చెబుతాను. కానీ అది ఏయే మందులను చూడలేదో తెలుసుకోకుండా దాని ఫలితాన్ని నమ్మవద్దని అంతకంటే గట్టిగా చెబుతాను.

పని తేలిక. పొడి చేసిన నమూనాను నీటిలో నానబెట్టి, అసిటోనైట్రైల్ అనే ద్రావణి పోసి బాగా కుదిపి, మెగ్నీషియం సల్ఫేటు, ఉప్పు కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే మందు కలిసిన ద్రావణి పైన తేరుకుంటుంది. బియ్యానికైతే ఆ తరువాత పెద్ద శ్రమ ఉండదు.

మిరప అలా లొంగదు. కాయలోని రంగు, కారం, నూనె అన్నీ ద్రావణిలోకి దిగి, యంత్రంలో మందు సంకేతాన్ని అణచివేస్తాయి. అందుకే నమూనాను రెండు గ్రాములకు తగ్గించాను. రంగు తీయడానికి కార్బన్ పొడి వేస్తే ద్రావణి తేటపడుతుంది గాని, మోతాదు మించితే బల్లపరుపు అణువులున్న మందులను కూడా అదే పట్టేసుకుంటుంది. ఇక స్టాండర్డులను, అంటే పోల్చి చూడడానికి తెలిసిన మోతాదులో మందు వేసిన ద్రావణాలను, మందు తగలని మిరప ద్రావణంలోనే కలుపుకోవాలి. అలాంటి కాయల కోసం ప్రతి సీజనులోనూ పెరట్లో నాలుగు మొక్కలు పెంచుకునే ఇళ్ల చుట్టూ తిరుగుతాను. ఇంత చేశాక పెండిమిథాలిన్ వంటి కలుపు మందు కిలోకు 0.01 మిల్లీగ్రాము దగ్గర కూడా నమ్మకంగా దొరుకుతోంది; పద్ధతిని సరిచూసుకోవడానికి మేమే నమూనాలో కలిపిన మందులో 70 నుంచి 120 శాతం మధ్య తిరిగి రాకపోతే ఆ రోజు ఫలితాన్ని పక్కన పెడతాను.

2,4-డి అనే కలుపు మందు విషయంలో చాలా రోజులు పొరబడ్డాను. బియ్యంలో కలిపి చూస్తే దాదాపు ఏమీ తిరిగి రాలేదు. యంత్రాన్ని అనుమానించి రోజులు పోగొట్టుకున్నాక, శుభ్రపరచడానికి వేసే పీఎస్ఏ పొడి ఆమ్ల గుణమున్న మందులను తనలోనే నిలుపుకుంటుందని అర్థమైంది. ఇప్పుడు ఆ మందుకు పీఎస్ఏ వేయకుండానే విడిగా నడుపుతున్నాను. తాగునీటిలో 2,4-డి కి భారతీయ ప్రమాణం లీటరుకు 30 మైక్రోగ్రాములు, అట్రజిన్ అనే మరో కలుపు మందుకు 2 మాత్రమే. ఆ రెండు పరిమితులకూ యంత్రం తేలికగానే అందుతుంది.

అసలు లోపం గ్లైఫోసేట్ అనే కలుపు మందు దగ్గర ఉంది. అది నీటిని వదిలి అసిటోనైట్రైల్‌లోకి రాదు కనుక క్వెచర్స్‌కు చిక్కదు. పారాక్వాట్ అనే మరో కలుపు మందుదీ అదే తీరు. ఒక వ్యాపారి వేరే ల్యాబు ఇచ్చిన నివేదిక చూపి, తన సరుకులో కలుపు మందు ఏదీ లేదన్నారు. జతచేసిన జాబితాలో గ్లైఫోసేట్ పేరే లేదు. వెతకని మందుకు "లేదు" అనే అర్థం వచ్చేలా నివేదిక ఇవ్వడం నాకు బాధ కలిగించింది. రైతులైనా, వ్యాపారులైనా నమూనా ఇచ్చే ముందే మందుల జాబితా అడిగి తీసుకోవాలి.

అందుకే గ్లైఫోసేట్‌ను విడిగా, ఎఫ్‌మాక్ అనే రసాయనంతో చర్య జరిపించి, గ్లైఫోసేట్ విరిగినప్పుడు పుట్టే ఆంపా అనే పదార్థంతో కలిపి చూస్తున్నాను. బోరు నీటిలోని కాల్షియం గ్లైఫోసేట్‌ను బంధించి ఉంచుతుంది కనుక ముందు ఆమ్లం కలపాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ దానిని విరగ్గొడుతుంది కనుక నమూనా పట్టేటప్పుడే క్లోరిన్‌ను పోగొట్టే థయోసల్ఫేటు వేయాలి. గాజుకు కూడా అది అంటుకుంటుంది. అందుకే గాజు సీసాలో తెచ్చిన నీటిని ఈ పరీక్షకు తీసుకోవడం మానేశాను. ఖాళీ ప్లాస్టిక్ సీసా చేతికిచ్చి, మళ్లీ పట్టి తెమ్మని పంపుతున్నాను.