కొత్త ఎడిషన్‌లోనూ చెల్లుతుందని చెప్పి అమ్మే వార్‌హామర్ సెట్లు: కొనేవారికి జాగ్రత్త

చిన్న బొమ్మల సైన్యాలతో బల్లమీద సాగే వార్‌హామర్ 40,000 అనే యుద్ధ క్రీడ ఆడేవారికి, ముఖ్యంగా ఇంగ్లండ్‌లో ఉంటూ ఇప్పుడిప్పుడే సైన్యం కూర్చుకుంటున్న తెలుగువారికి ఈ హెచ్చరిక. ఆ ఆట నిబంధనలకు కొత్త ఎడిషన్ వస్తుందన్న మాట వినబడగానే కొన్ని ఆన్‌లైన్ దుకాణాలు పాత కోడెక్స్‌లను (ఒక్కో సైన్యానికి ఉండే నియమాల పుస్తకాలను), కార్డులను, అమ్ముడుపోని బొమ్మలను ఒకే సెట్‌గా కట్టి, మారబోయే నిబంధనలకు కూడా ఇవి పనికొస్తాయన్న హామీతో తగ్గింపు ధరకు పెడతాయి. 2023లో అలాంటి ఒక దుకాణంతో నాకు ఎదురైన అనుభవం ఇది. పేరు రాయడం లేదు. అమ్మే పద్ధతి తెలిస్తే అదే పని ఇంకెవరు చేసినా గుర్తుపట్టవచ్చు.

ఆ సెట్‌లో 2020లో వచ్చిన స్పేస్ మెరీన్స్ అనే సైన్యం కోడెక్స్, దానికి సంబంధించిన డేటా కార్డులు, మోటారు సైకిళ్ల దళం ఒకటి, టెర్మినేటర్ అనే బరువైన కవచం తొడిగిన కెప్టెన్, అతికించి ఉన్న ఇంటర్సెసర్లు (మామూలు పదాతి సైనికులు) ఏడుగురు, ఒక డ్రెడ్‌నాట్ (నడిచే యుద్ధయంత్రం) ఉన్నాయి. అయిదు వందల పాయింట్లకు (ఆటలో సైన్యం బలాన్ని కొలిచే లెక్క) దగ్గరగా ఉండే సైన్యమని, రాబోయే పదో ఎడిషన్‌లోనూ యథాతథంగా ఆడుకోవచ్చని ప్రకటనలో రాశారు. మార్చి మొదట్లో ఆర్డర్ చేసే ముందు ఈ విషయమే ప్రత్యేకంగా అడిగితే, 2020లో తొమ్మిదో ఎడిషన్ వచ్చినప్పుడు ఎనిమిదో ఎడిషన్ కోడెక్స్‌లు చెల్లాయి కాబట్టి ఈసారీ చెల్లుతాయని రాతపూర్వకంగానే జవాబిచ్చారు.

మోసం ఉన్నది సరిగ్గా ఆ జవాబులోనే. 2020 గురించి వారు చెప్పింది నిజమే. కొత్త కోడెక్స్ వచ్చేదాకా పాతదానితో ఆడుకోనిచ్చారు. అయితే అంతకు ముందు, 2017లో ఎనిమిదో ఎడిషన్ వచ్చినప్పుడు, ఏడో ఎడిషన్ పుస్తకాలన్నీ ఒక్కసారిగా పక్కకు పోయి వాటి స్థానంలో ఇండెక్స్ అనే కొత్త నియమాల పుస్తకాలు వచ్చాయి. అంటే ఒకసారి చెల్లలేదు, ఒకసారి చెల్లాయి. ఈ రెంటిలో తమ సరుకు అమ్ముడుపోవడానికి వీలైనదాన్ని మాత్రమే పూర్వోదాహరణగా చూపి, మిగిలినదాన్ని ప్రస్తావించకుండా వదిలేయడం అజ్ఞానం వల్ల జరిగిందని నేను నమ్మను, ఎందుకంటే ఏళ్ల తరబడి ఇదే సరుకు అమ్ముతున్న దుకాణమది.

పెట్టె ఇంటికి చేరేలోపే, మార్చి నెలాఖరుకు ముందే, ఆటను తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ పదో ఎడిషన్‌ను ప్రకటించింది. అప్పటి కోడెక్స్‌లన్నీ రద్దవుతాయని, ప్రతి సైన్యానికీ ఉచితంగా కొత్త నియమాలు ఇస్తామని ఆ ప్రకటనలోనే చెప్పింది. పెట్టె తెరిచి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. కొత్తదని అమ్మిన కోడెక్స్ వెన్ను దగ్గర మడత పడి ఉంది. ఆ ఆట యాప్ కోసం పుస్తకం చివర ఇచ్చే కోడ్‌ను నమోదు చేయబోతే అది అప్పటికే వాడేసినదని వచ్చింది. ఒక కోడ్ ఒక ఖాతాకే పనిచేస్తుంది, కాబట్టి ఎవరో చదివి, కోడ్ వాడుకుని తిరిగి ఇచ్చిన పుస్తకాన్నే నాకు పంపారన్నమాట.

జూన్‌లో కొత్త నియమాలు వచ్చాక మిగతా సెట్ సంగతీ తేలిపోయింది. మానసిక శక్తులు ప్రయోగించే సైకిక్ దశ అనేదే ఆటలోంచి తీసేశారు, పాత స్ట్రాటజెమ్‌లూ (ఆట మధ్యలో వాడే ప్రత్యేక ఎత్తులు) పోయాయి, దాంతో డేటా కార్డులు చిత్తుకాగితాలయ్యాయి. తొమ్మిదో ఎడిషన్‌లో ఒక్కో సైనికుడికి ఇన్ని పాయింట్లని లెక్క ఉండేది. పదో ఎడిషన్‌లో ఇంటర్సెసర్ల దళాన్ని అయిదుగురుగానో పదిమందిగానో లెక్కకట్టాలి, కాబట్టి నా ఏడుగురిని దించాలంటే పదిమంది పాయింట్లు ఖర్చుపెట్టాలి. కెప్టెన్‌ది మరో తంటా. నాయకుడు ఏ దళంతో కలవవచ్చో కొత్త నియమాలు పేరుపేరునా చెబుతాయి, టెర్మినేటర్ కవచంలో ఉన్నవాడు టెర్మినేటర్ దళాలకే నాయకత్వం వహించగలడు. సెట్‌లో అలాంటి దళం ఒక్కటీ లేదు, అందువల్ల ఆయన ఒంటరిగా దిగి శత్రువుకు సులువైన గురి అవుతాడు. ఇక అదే ఏడాది కొత్త స్పేస్ మెరీన్స్ కోడెక్స్ వచ్చేసరికి పాత మోటారు సైకిళ్లను లెజెండ్స్ అనే పాతబడిన బొమ్మల జాబితాలోకి మార్చారు. లెజెండ్స్‌కు నియమాలు ఉచితంగానే దొరుకుతాయి, ఇంట్లో స్నేహితులతో నిక్షేపంగా ఆడుకోవచ్చు, కానీ పోటీల్లో సాధారణంగా వాటిని అనుమతించరు. (డ్రెడ్‌నాట్ ఒక్కటే చెక్కుచెదరకుండా నిలిచింది. రంగులు వేయడానికి మాత్రం మహా బాగుంది.)

ఇది ఒక్క 40,000కు పరిమితమైన సంగతి కూడా కాదు. 2024లో అదే సంస్థ మరో ఆట ఏజ్ ఆఫ్ సిగ్మార్ నాలుగో ఎడిషన్ వచ్చే ముందు, బీస్ట్స్ ఆఫ్ కేయాస్ సైన్యం మొత్తాన్ని ఆ ఆట నుంచి తప్పిస్తున్నట్టు ప్రకటించారు. అలాంటి ప్రకటన వెలువడిన వారాల్లో ఏ సైన్యమైనా ఉన్నట్టుండి చవకగా కనిపిస్తే, ధరకన్నా ముందు కారణం చూడండి.

డబ్బు వెనక్కి అడిగితే క్లియరెన్స్ సరుకు తిరిగి తీసుకోబోమని దుకాణంవారు జవాబిచ్చారు. బ్రిటన్‌లో వ్యాపారి దగ్గర ఆన్‌లైన్‌లో కొన్న మామూలు సరుకును, అది చేరిన 14 రోజుల్లోగా, కారణం చెప్పకుండానే రద్దు చేసుకునే హక్కు కొనుగోలుదారుకు ఉంది. క్లియరెన్స్ అన్న ముద్ర ఆ హక్కును తీసేయలేదు. చెప్పినట్టు లేని సరుకును 30 రోజుల్లోగా తిరస్కరించి పూర్తి సొమ్ము కోరడానికి 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం వీలిస్తుంది. ధర వంద పౌండ్లు దాటి, క్రెడిట్ కార్డుతో చెల్లించి ఉంటే కార్డు ఇచ్చిన బ్యాంకును కూడా బాధ్యురాలిని చేయవచ్చు. నేను ఆ మూడో దారిలోనే వెళ్లాను. రాతపూర్వకంగా ఇచ్చిన హామీ, కోడ్ చెల్లదన్న స్క్రీన్‌షాట్ చూపించాక పుస్తకానికీ కార్డులకూ అయిన సొమ్ము వచ్చింది, బొమ్మల సొమ్ము రాలేదు. అందుచేత ఏది అడిగినా ఫోన్‌లో కాక రాతలోనే అడగండి, ప్రకటన పేజీని కొనే రోజే భద్రపరచుకోండి. ఇంటి దగ్గర పాతవి అమ్ముకునే మామూలు మనిషి దగ్గర కొంటే ఆ 14 రోజుల హక్కు వర్తించదని కూడా గుర్తుంచుకోండి.

పెద్ద ఎడిషన్లు 2017, 2020, 2023 సంవత్సరాల్లో వచ్చాయి, కాబట్టి తర్వాతిది ఎప్పుడో ఎవరైనా లెక్క కట్టగలరు, అమ్మేవారు మనకన్నా ముందే కడతారు. ఆ సమయం దగ్గరపడినప్పుడు కాగితం ఏదీ కొనకండి: కోడెక్స్ వద్దు, కార్డులు వద్దు, కోడ్ అసలే వద్దు. పదో ఎడిషన్ మూల నియమాలు, పాయింట్ల పట్టిక ఉచితంగానే దొరికాయి. బొమ్మలు కొనదలిస్తే కొత్త కొలతల్లో వచ్చినవి, దుకాణాల్లో ఇంకా మామూలుగా దొరుకుతున్నవి చూసుకోండి. ఇప్పుడు కొనకపోతే మళ్లీ దొరకదన్న తొందరకూ లొంగకండి; 2020లో తొమ్మిదో ఎడిషన్ ఆరంభంలో వచ్చిన ఇండోమిటస్ పెట్టె నిమిషాల్లో అమ్ముడైపోయింది, ఆ తర్వాత అడిగినవారికి తయారుచేసి ఇస్తామంటూ మళ్లీ ఆర్డర్లు తీసుకున్నారు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటూ, ఇక్కడ బ్రిటన్‌లో ఉన్న చుట్టాల చిరునామాకు ఆర్డర్ పెట్టి, వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెమ్మనేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. గడువు లెక్క పెట్టె ఇక్కడి గుమ్మం చేరిన రోజు నుంచే మొదలవుతుంది, మీ చేతికి వచ్చిన రోజు నుంచి కాదు. ప్రయాణం దాకా ఆగకుండా, పెట్టె అందిన రోజే తెరిచి, కోడెక్స్ చివరి పేజీని, బొమ్మల ముక్కలు అంటుకుని ఉండే ఫ్రేములను ఫోటో తీసి పంపమని వారినే అడగండి. భారతదేశంలోని దుకాణం దగ్గర కొని మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.